ఎంహెచ్ 370: కొబ్బరికాయల నుంచి ఏడో వలయం దాకా

2014 మార్చి రెండో వారంలో కౌలాలంపూర్ ఎయిర్‌పోర్టులో ఒక మలయ్ మంత్రగాడు చాప పరిచి కూర్చున్నాడు. దగ్గర రెండు కొబ్బరికాయలు, వెదురుతో చేసిన బైనాక్యులర్స్. కనిపించకుండా పోయిన విమానం ఎక్కడుందో చూసి చెప్తానన్నాడు. ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి, అందరూ నవ్వుకున్నారు. గేదె తప్పిపోతేనో, నగ పోతేనో అంజనం వేయించే ఊళ్ళు చూసిన మనకు అది మరీ అంత వింతేం కాదు. అదే నెలలో ఒక అమెరికా న్యూస్ చానల్ యాంకర్, స్టూడియోకి పిలిచిన నిపుణుల్ని 'విమానాన్ని బ్లాక్ హోల్ మింగేసి ఉండొచ్చా?' అని అడిగాడు. ఆయన దగ్గర కొబ్బరికాయలు లేవు, అంతే తేడా.

ఆ విమానం గురించి పుట్టినన్ని కథలు ఇంకే విమానం గురించీ పుట్టలేదేమో. వాటిలో చాలావాటిని పరీక్షించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒక తాడు, ఒక గుంజ ఊహించుకోగలిగితే చాలు. అక్కడికి వెళ్ళేముందు ఆ రాత్రి జరిగింది ఒకసారి వరుసలో పెట్టుకుందాం.

మార్చి 8, అర్ధరాత్రి దాటాక 12:42కి మలేషియా ఎయిర్‌లైన్స్ ఎంహెచ్ 370, ఒక బోయింగ్ 777 విమానం, కౌలాలంపూర్ నుంచి బీజింగ్‌కు బయల్దేరింది. ప్రయాణికులు 227 మంది, సిబ్బంది 12 మంది. సగానికి పైగా చైనావాళ్ళు, మన దేశస్థులు ఐదుగురు. 1:19కి కాక్‌పిట్ నుంచి 'గుడ్ నైట్ మలేషియన్ త్రీ సెవెన్ జీరో' అన్న మాట వచ్చింది. మలేషియా కంట్రోల్ వదిలి వియత్నాం కంట్రోల్‌లోకి వెళ్ళేచోట మామూలుగా చెప్పే మాటే అది. రెండు నిమిషాల తర్వాత కంట్రోలర్ల తెర మీంచి విమానం గుర్తు మాయమైంది. రాడార్ అడిగినప్పుడల్లా 'నేను ఫలానా విమానాన్ని, ఇంత ఎత్తులో ఉన్నాను' అని జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్ అన్న పరికరం పలకడం మానేసింది. అది పలక్కపోతే కంట్రోలర్ తెర మీద విమానం లేనట్టే. మిలిటరీ రాడార్‌కు మాత్రం దాంతో పని లేదు, ఎదురుగా లోహం ఉంటే చాలు. ఆ రాడార్ రికార్డుల్లో విమానం వెనక్కి తిరిగింది, మలేషియాను అడ్డంగా దాటింది, పెనాంగ్ దీవి పక్కగా వెళ్ళింది. 1:52కి కోపైలట్ ఫోను పెనాంగ్‌లోని ఒక సెల్ టవర్‌కు ఒక్కసారి తగిలింది. 2:22కి అండమాన్ సముద్రం అంచున రాడార్‌కు కూడా దూరమైపోయింది.

వియత్నాం కంట్రోలర్లు తమ పరిధిలోకి రావాల్సిన విమానం 5 నిమిషాల్లో పలకరించకపోతే వెంటనే ఆరా తీయాలి. వాళ్ళు 1:39 దాకా అడగలేదు. కౌలాలంపూర్ వాళ్ళు ఎయిర్‌లైన్స్ ఆఫీసును అడిగితే, 'కంబోడియా మీద ఉంది' అని జవాబొచ్చింది. అబద్ధం చెప్పాలని చెప్పింది కాదు. ఆఫీసులో కంప్యూటర్ తెర మీద విమానం బొమ్మ హాయిగా కదులుతూనే ఉంది. కాకపోతే ఆ బొమ్మ, ప్లాన్ ప్రకారం విమానం ఈపాటికి ఎక్కడ ఉండాలో లెక్కగట్టి చూపించే రకం. నిజంగా ఎక్కడుందో దానికి తెలీదు. ఈ సంగతి బయటపడేసరికి దాదాపు 3:30 అయింది. గాలింపు మొదలుపెట్టమన్న హెచ్చరిక వెళ్ళేసరికి 5:30 దాటింది. విమానం 6:30కి బీజింగ్‌లో దిగాలి. 7:24కి ఎయిర్‌లైన్స్ పత్రికా ప్రకటన ఇస్తూ, 2:40కి సంబంధాలు తెగిపోయాయని చెప్పింది. అందులో టైము తప్పని తర్వాత తేలింది. తర్వాత తేలిన ఇంకో సంగతి తల్చుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది: ఆ ప్రకటన టీవీల్లో స్క్రోల్ అవుతున్న సమయానికి విమానం ఇంకా గాల్లోనే ఉంది.

మొదటి వారమంతా ఇదే తీరు. గాలింపు దక్షిణ చైనా సముద్రంలో జోరుగా సాగింది. సముద్రం మీద తేలుతున్న చమురు తెట్టు దొరికిందన్నారు, పరీక్షిస్తే అది ఓడల ఇంధనం. లైఫ్ రాఫ్ట్ కనిపించిందన్నారు, హెలికాప్టర్ వెళ్ళి చూస్తే నాచు పట్టిన కేబుల్ చక్రం మూత. చైనా ఉపగ్రహ చిత్రాల్లో తెల్లటి ముక్కలు కనిపించాయి, అవీ విమానానివి కావు. ఇద్దరు దొంగ పాస్‌పోర్టులతో ఎక్కారని తెలియగానే ఉగ్రవాదం అన్నారు. వాళ్ళు యూరప్‌లో ఆశ్రయం కోసం వెళ్తున్న ఇరాన్ కుర్రాళ్ళని తేలింది. ఇంకోపక్క విమానం వెనక్కి తిరిగిందని మిలిటరీ రాడార్ రికార్డుల్లో ఉండనే ఉంది. ఆ ముక్క మలేషియా ప్రధాని నజీబ్ రజాక్ నోట స్పష్టంగా వచ్చింది మార్చి 15న. అప్పటిదాకా ఒక అధికారి అన్నదాన్ని ఇంకొకరు కాదన్నారు. పైలట్ల చివరి మాటలు ఏమిటన్నది కూడా మూడు వారాల తర్వాత సవరించుకున్నారు. ఇలాంటప్పుడు ఊహలు పుట్టించారని జనాన్ని తప్పుపట్టడం నావల్ల కాదు.

ఆ కంగారు ఎలా ఉంటుందో తెలుగువాళ్ళకు బాగా తెలుసు. 2009 సెప్టెంబర్ 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన హెలికాప్టర్‌తో పొద్దున్నే సంబంధాలు తెగిపోయాయి. క్షేమంగా దిగారని, రోడ్డు మార్గాన వెళ్తున్నారని కాసేపు వార్తలొచ్చాయి. ఇళ్ళలో టీవీలు కట్టేసినవాళ్ళు లేరు. మర్నాడు పొద్దున నల్లమలలో పావురాలగుట్ట మీద శకలాలు కనిపించేదాకా, అంటే సుమారు ఒక రోజు, రాష్ట్రమంతా ఊహల మీదే బతికింది. అది మనకు తెలిసిన అడవి, దారి తెలిసిన ప్రయాణం. ఎంహెచ్ 370 వాళ్ళకు ఆ ఒక్క రోజు పన్నెండేళ్ళుగా సాగుతోంది.

ఇక తాడు, గుంజ సంగతి.

విమానంలో ఉపగ్రహంతో మాట్లాడే టెర్మినల్ ఒకటి ఉంటుంది. ట్రాన్స్‌పాండర్ ఆగిన దగ్గర్లోనే అదీ ఆగింది. కానీ 2:25కి మళ్ళీ ఆన్ అయి, 'నేను వచ్చాను' అని ఉపగ్రహానికి కబురు పెట్టింది. రాడార్‌కు అందకుండా పోయిన మూడు నిమిషాలకే! ఆ తర్వాత విమానం నుంచి మాట లేదు, మెసేజ్ లేదు. అయితే గంటసేపు ఏ చప్పుడూ లేకపోతే నేల మీది స్టేషన్ తనంతట తాను 'ఉన్నావా?' అని అడుగుతుంది. టెర్మినల్ 'ఉన్నాను' అంటుంది. మిస్డ్ కాల్ ఇచ్చి బతికున్నామని చెప్పడం లాంటిదే ఇది. 3:41, 4:41, 5:41, 6:41, 8:11లకు ఆ పలకరింపులు జరిగాయి. 8:19కి టెర్మినల్ మళ్ళీ తనంతట తాను లేచి కబురు పెట్టింది. 9:15కి అడిగితే జవాబు రాలేదు. మొదటి కబురు, చివరి కబురు కలిపితే మొత్తం ఏడు. మన చేతిలో ఉన్న ఆస్తి ఇదే.

ఆ జవాబుల్లో ఎక్కడున్నానన్న వివరం లేదు. కానీ ప్రశ్న వెళ్ళి జవాబు రావడానికి ఎంత సేపు పట్టిందో రికార్డయింది. కొండకెదురుగా నిలబడి కేకేస్తే ప్రతిధ్వని ఎంత ఆలస్యంగా వస్తే కొండ అంత దూరమని మనకు తెలుసు కదా, అదే లెక్క. ఉపగ్రహం హిందూ మహాసముద్రం మీద దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంది. దాని నుంచి విమానం ఎంత దూరమో తెలిసింది, ఏ దిక్కున ఉందో తెలియలేదు. గుంజకు కట్టిన గేదె తాడు బిగిసేదాకా వెళ్ళి మేస్తే గడ్డిలో వలయం పడుతుంది. తాడు పొడవు తెలిస్తే గేదె ఆ వలయం మీదే ఎక్కడో ఉందని చెప్పగలం. ఎక్కడన్నది మాత్రం చెప్పలేం. ఏడు కబుర్లకు ఏడు వలయాలు గీశారు. చివరిదాన్నే గాలింపు వాళ్ళు ఏడో వలయం అంటారు.

వలయం ఉత్తరానికీ పోతుంది, దక్షిణానికీ పోతుంది. అందుకే మొదట కజకిస్తాన్ దాకా ఒక దారి, దక్షిణ హిందూ మహాసముద్రంలోకి ఒక దారి అన్నారు. దీన్ని తేల్చింది రెండో కొలత, ఫ్రీక్వెన్సీలో వచ్చిన చిన్న తేడా. రైలు దగ్గరకొస్తుంటే కూత ఒకలా, దాటిపోయాక ఒకలా వినిపించే సూత్రమే. ఆ ఉపగ్రహం కదలకుండా నిలబడి ఉండేది కాదు, కాస్త ఉత్తర దక్షిణాలకు ఊగుతూ ఉంటుంది. దానివల్ల ఉత్తరానికి వెళ్ళే విమానం, దక్షిణానికి వెళ్ళే విమానం వేర్వేరు జాడలు వదులుతాయి. ఉపగ్రహ సంస్థ ఇన్‌మార్‌శాట్ ఇంజినీర్లు వేరే 777ల సిగ్నళ్ళతో పోల్చి చూశారు. ఈ విమానం జాడ దక్షిణానికి సరిపోయింది. విమాన ప్రయాణం దక్షిణ హిందూ మహాసముద్రంలోనే ముగిసిందని మార్చి 24న నజీబ్ రజాక్ ప్రకటించింది ఈ లెక్క ఆధారంగానే. ఆ కబురు కొందరు బంధువులకు ఎస్సెమ్మెస్‌గా అందింది. లెక్క సరైనదే కావచ్చు, చెప్పిన తీరు మాత్రం దారుణం. బీజింగ్ హోటల్లో ఎదురుచూస్తున్న కుటుంబాలు ఆ తర్వాత మలేషియా చెప్పిన ఏ మాటనూ నమ్మలేదంటే అర్థం చేసుకోవచ్చు.

ఇప్పుడు ఈ తాడు చేత్తో పట్టుకుని కథల దగ్గరికి వెళ్దాం. హిందూ మహాసముద్రంలోని డీగో గార్సియా దీవిలో ఉన్న అమెరికా సైనిక స్థావరంలో దించేశారన్నది బాగా తిరిగిన కథ. మన వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పటికీ ఏడాదికోసారి తలెత్తుతుంది. ఆ దీవి ఉపగ్రహానికి ఇంచుమించు కిందనే ఉంటుంది. ఏడో వలయం అక్కడికి కొన్ని వేల కిలోమీటర్ల దూరం. గేదె గుంజ పక్కనే పడుకుంటే తాడు బిగుసుకోదు. మాల్దీవుల్లో ఒక దీవి జనం పెద్ద విమానం కిందుగా వెళ్తుండగా చూశామన్నారు. వాళ్ళు చూశామన్నది అక్కడి టైము పొద్దున 6:15కి. మలేషియా టైములో అది 9:15, అప్పటికి ఇంధనమే లేదు. పైగా మాల్దీవులదీ అదే సమస్య, తాడు వదులు. 2014 ఏప్రిల్‌లో ఒక ఆస్ట్రేలియా కంపెనీ, బంగ్లాదేశ్‌కు దక్షిణాన బంగాళాఖాతంలో విమానాన్ని కనిపెట్టామంది. అంటే మన సముద్రంలోనే. బంగ్లాదేశ్ నౌకాదళం వెళ్ళి చూస్తే ఏమీ లేదు. తాడు అక్కడా బిగియదు, కాబట్టి వెళ్ళకముందే అనుమానించి ఉండొచ్చు. దక్షిణ చైనా సముద్రంలో కూల్చేశారంటే, పొద్దున 8:19 దాకా కబుర్లు పంపింది ఎవరు?

అదే ఏడాది జులైలో ఉక్రెయిన్ మీద మలేషియా ఎయిర్‌లైన్స్‌దే ఇంకో విమానం ఎంహెచ్ 17 కూలినప్పుడు, అది నిజానికి 370యేనని, దాచిపెట్టి అక్కడ కూల్చారని ఇంకో కథ బయల్దేరింది. దానికి తాడు కూడా అక్కర్లేదు.

కొన్ని కథలు అంత తేలిగ్గా తెగవు. సరుకులో 4,566 కిలోల మాంగోస్టీన్ పళ్ళు, 221 కిలోల లిథియం అయాన్ బ్యాటరీలు ఉన్నాయి. బ్యాటరీలు అంటుకున్నాయన్న వాదన విమానం ఎందుకు వెనక్కి తిరిగిందో చెప్పగలదు. రేడియోలు కాలిపోయేంత మంట ఇంకో ఆరేడు గంటలు విమానాన్ని ఎలా ఎగరనిచ్చిందో, 2:25కి టెర్మినల్ మళ్ళీ ఎలా లేచిందో చెప్పలేదు. ఆక్సిజన్ అందక అందరూ స్పృహ తప్పారన్నది చివరి గంటలకు సరిపోవచ్చు. 2005లో గ్రీస్‌లో హీలియోస్ విమానం అలాగే ఆటోపైలట్ మీద తిరిగి తిరిగి ఇంధనం అయిపోయి కూలింది, 121 మంది చనిపోయారు. కానీ స్పృహ తప్పినవాళ్ళు విమానాన్ని తిప్పలేరు. 2018 జులైలో వచ్చిన మలేషియా తుది నివేదిక 495 పేజీలు. వెనక్కి తిరిగిన మలుపు ఆటోపైలట్‌ది కాదు, చేత్తో తిప్పిందేనని అందులో ఉంది. ఎవరు, ఎందుకన్నది తేల్చలేమని, మూడో మనిషి జోక్యాన్ని కొట్టిపారేయలేమని కూడా ఉంది.

కెప్టెన్ మీద వేలు చూపేవాళ్ళు ఎక్కువ. ఆయన ఇంట్లోని సిమ్యులేటర్‌లో దక్షిణ హిందూ మహాసముద్రం వైపు వెళ్ళే బిందువులు దొరికిన మాట నిజం. అది చిన్న విషయమేం కాదు, నేనూ తీసిపారేయను. ఆయన ప్రవర్తనలో మార్పుగానీ టెన్షన్‌గానీ కనిపించలేదని అదే నివేదిక అంటుంది. ఆయన వచ్చి జవాబు చెప్పుకోలేడు, ఆయన కుటుంబం మాత్రం ఇవన్నీ చదువుతుంది. నాకు తెలిసి ఇక్కడ ఆగడమే మర్యాద.

అన్నిటికంటే విసుగు తెప్పించేవి ఓడిపోని కథలు. విమానం ఉత్తరానికి వెళ్ళిందని, సిగ్నళ్ళను ఎవరో మార్చేశారని ఒక వాదన ఉంది. 2015 జులై 29న రీయూనియన్ దీవి ఒడ్డున రెక్క ముక్క దొరికితే, అదీ ఎవరో తెచ్చి పడేసిందే అన్నారు. ఎదురయ్యే ప్రతి ఆధారం దొంగదే అయితే, ఆ వాదనకు ఇక ఏం చూపించగలం? ఔత్సాహిక రేడియో సిగ్నళ్ళు చెదిరిన తీరును బట్టి విమానం దారి గీశామన్నవాళ్ళూ ఉన్నారు. ఆ సిగ్నల్ పద్ధతిని తయారుచేసిన నోబెల్ గ్రహీత జో టేలర్ స్వయంగా అది కుదరని పని అన్నారు. అయినా ఆ గీతలు తిరుగుతూనే ఉన్నాయి.

రీయూనియన్ ముక్క కుడి రెక్క వెనకంచు భాగం, ఫ్లాపరాన్ అంటారు. దానికి సముద్రపు గుల్లలు పట్టి ఉన్నాయి. సెప్టెంబర్‌లో ఫ్రెంచి అధికారులు అది ఎంహెచ్ 370దేనని తేల్చారు. తర్వాత మొజాంబిక్, టాంజానియా, మడగాస్కర్ తీరాల్లో ఇరవైకి పైగా ముక్కలు దొరికాయి. కొన్ని కచ్చితంగా దానివే, మిగతావాటిలో చాలావరకు దానివే అయ్యుంటాయన్నారు. దక్షిణ హిందూ మహాసముద్రంలో పడిన వస్తువు ప్రవాహాలతో పడమటికి, ఆఫ్రికా వైపుకు వెళ్తుందని సముద్ర శాస్త్రజ్ఞులు వేసిన లెక్కకు ఇది సరిపోయింది. విమానం మెల్లగా దిగడానికి రెక్క వెనక కిందికి దించే భాగాన్ని ఫ్లాప్ అంటారు. టాంజానియాలో దొరికిన ఫ్లాప్ ముక్కను చూసినవాళ్ళు అది దించి ఉన్న స్థితిలో లేదన్నారు. అంటే ఎవరో నీళ్ళ మీద మెల్లగా దించే ప్రయత్నం చేశారన్న వాదనకు బలం తగ్గింది. 8:19 నాటి ఫ్రీక్వెన్సీ కూడా విమానం చాలా వేగంగా కిందికి జారుతోందనే సూచిస్తుంది.

మరి ఇంత తెలిసి ఎందుకు దొరకలేదు? ఈ ప్రశ్న అడిగేవాళ్ళు సముద్రాన్ని తక్కువ అంచనా వేస్తారు. మొదటి 52 రోజులు విమానాలు, ఓడలు నీళ్ళపైన వెతికాయి. మన నౌకాదళం, కోస్ట్‌గార్డ్ కూడా అండమాన్ వైపు గాలించాయి, అరక్కోణం నుంచి పీ-8ఐ సముద్ర నిఘా విమానాలు వెళ్ళాయి. ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా ఓడకు నీళ్ళలోంచి బ్లాక్ బాక్స్ టిక్ టిక్ లాంటి శబ్దాలు వినిపించాయి. దొరికేసిందనుకున్నారు. 850 చదరపు కిలోమీటర్లు గాలించాక అక్కడేమీ లేదని తేలింది. బ్లాక్ బాక్సుకు కట్టే, ఆ టిక్ టిక్ శబ్దం చేసే బీకన్ బ్యాటరీ నెల రోజులే పనిచేస్తుంది. ఈ విమానంలో డేటా రికార్డర్ బీకన్ బ్యాటరీకైతే 2012 డిసెంబర్‌లోనే గడువు తీరిపోయింది. దాన్ని ఎవరూ మార్చలేదు.

తర్వాత అడుగున వెతికారు. ఆస్ట్రేలియా ఆధ్వర్యంలో 1,20,000 చదరపు కిలోమీటర్లు సోనార్‌తో, అంటే శబ్ద తరంగాలతో, జల్లెడ పట్టి 2017 జనవరి 17న ఆపేశారు. 2018లో ఓషన్ ఇన్ఫినిటీ అనే ప్రైవేటు సంస్థ ఇంకో 1,12,000 పైచిలుకు వెతికింది. తెలంగాణ మొత్తం విస్తీర్ణం 1,12,077 చదరపు కిలోమీటర్లు. అంటే రెండు తెలంగాణలంత జాగా. ఇది నాలుగు కిలోమీటర్లకు పైగా లోతున, చీకట్లో, కొండలూ లోయలూ ఉన్న నేల. వెతికే ముందు అసలు ఆ నేల ఎలా ఉందో మ్యాపు గీసుకోవాల్సి వచ్చింది. దారిలో 19వ శతాబ్దపు ఓడల శిథిలాలు దొరికాయి. సోనార్ పనిచేస్తోందని అదైనా తెలిసింది.

ఎయిర్ ఫ్రాన్స్ 447 విషయం చూడండి. 2009 జూన్ 1న అట్లాంటిక్‌లో 228 మందితో కూలింది. ఎక్కడ పోయిందో ఇంచుమించు తెలుసు, ఐదారు రోజుల్లో శకలాలు తేలాయి. అయినా అడుగున అసలు విమానం దొరికేసరికి దాదాపు రెండేళ్ళు పట్టింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ మనకే ఉంది. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిన వాయుసేన ఏఎన్-32 బంగాళాఖాతం మీద గల్లంతైంది. లోపల 29 మంది. వాళ్ళలో ఎనిమిది మంది విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. అప్పుడు ఒకరి ఫోను మోగుతోందని వాళ్ళింట్లోవాళ్ళు చెప్పారు. ఎంహెచ్ 370 బంధువులూ సరిగ్గా ఇదే చెప్పారు. మనం ఫోన్ చేసినప్పుడు చెవిలో వినిపించే రింగు అవతలి ఫోను చేసే చప్పుడు కాదు. నెట్‌వర్క్ అవతలి ఫోనును వెతికే లోపల మనకు వినిపించే శబ్దం కూడా కావచ్చు అది. ఈ సంగతి విశాఖలోగానీ బీజింగ్‌లోగానీ ఫోను పట్టుకుని కూర్చున్న మనిషికి ఎలా చెప్పాలో నాకైతే తెలీదు. ఆ ఏఎన్-32 శకలాలు 2024 జనవరిలో బయటపడ్డాయి. చెన్నైకి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున, సముద్ర సాంకేతిక సంస్థ ఎన్ఐఓటీ వారి మానవరహిత వాహనం తీసిన చిత్రాల్లో. ఏడున్నరేళ్ళ తర్వాత, మన గడప ముందే.

ఎంహెచ్ 370 కోసం ఓషన్ ఇన్ఫినిటీతో మలేషియా 2025 మార్చిలో మళ్ళీ ఒప్పందం రాసుకుంది. కొత్తగా 15,000 చదరపు కిలోమీటర్లు. దొరికితే 7 కోట్ల డాలర్లు, దొరక్కపోతే పైసా లేదు. వాతావరణం అనుకూలించక ఏప్రిల్‌లో ఆపారు. ఆ ఏడాది డిసెంబర్ 30 నుంచి విడతలుగా 55 రోజులు వెతుకుతారని మలేషియా రవాణా శాఖ అప్పట్లో ప్రకటించింది.

రేపు బ్లాక్ బాక్స్ దొరికినా అన్నిటికీ జవాబు దొరుకుతుందనుకోవద్దు. డేటా రికార్డర్‌లో 25 గంటల లెక్కలుంటాయి, విమానం ఎలా ఎగిరిందో అది చెప్తుంది. మాటలు రికార్డయ్యే వాయిస్ రికార్డర్‌లో మాత్రం చివరి రెండు గంటలే ఉంటాయి, పాతదాని మీద కొత్తది పడిపోతుంది. అది చివరిదాకా పనిచేసి ఉంటే 1:21 మలుపు దగ్గర ఎవరేం మాట్లాడారో చెరిగిపోయినట్టే. మిగిలేది 6:20 ప్రాంతం నుంచి 8:19 దాకా. 7:13కి ఎయిర్‌లైన్స్ వాళ్ళు ఉపగ్రహం ద్వారా విమానానికి ఫోన్ చేశారు. 2:39కి చేసినదానిలాగే దీన్నీ ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోయినా గంట లెక్క మళ్ళీ మొదటికొచ్చింది, అందుకే తర్వాతి పలకరింపు 8:11కి పడింది. ఆ ఫోను కాక్‌పిట్‌లో మోగిందా, మోగినప్పుడు అక్కడ ఎవరైనా కదిలారా అన్నది ఆ రెండు గంటల్లోనే ఉంది.